తెర ఆరిపోయాక కంప్యూటర్ ఆపా

మొన్న మంగళవారం పొద్దున ఒక పెళ్లి వీడియో ముందు కూర్చుని ఉండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అమ్మీ పోయింది" అని మాత్రం అన్నది అటువైపు గొంతు. ఆపా కూతురు. రెండు నెలలుగా మంచం మీదే ఉన్న మనిషి, ఎదురుచూడని కబురేమీ కాదు. అయినా మౌస్ వదిలి కుర్చీలోంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది. నేను కోరుట్ల నుంచి వెళ్లేసరికి మగవాళ్లు ఆమెను తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. పక్కనున్న ముసలామె నా చెవి దగ్గరికి వంగి, "నీకేమైతది ఆమె?" అని అడిగింది. "కంప్యూటర్ నేర్పింది" అన్నాను. ఆ జవాబు చాలదని బస్సులో తిరిగివస్తున్నంతసేపూ అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. జగిత్యాలలో చిన్నా పెద్దా అందరూ ఆమెను కంప్యూటర్ ఆపా అనేవారు. వాళ్ల నాన్నకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. అన్నలిద్దరూ దుబాయి పోవడంతో టంకం పెట్టే కడ్డీ ఆమె చేతికి వచ్చింది. రేడియోల తర్వాత టీవీలు, టీవీల తర్వాత కంప్యూటర్లు. నేను డిగ్రీ అయ్యాక చేరిన కంప్యూటర్ సెంటర్‌లో ఆమే మాకు పాఠం చెప్పింది. ఆ సెంటర్ మూతపడ్డాక ఇళ్లకు వెళ్లి బాగుచేయడం మొదలుపెట్టింది. మా వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. భర్త ముఖం చూస్తూ మాట్లాడటానికి కొనుక్కున్న కంప్యూటర్ ఆగిపోతే, ముక్కూమొహం తెలియని మనిషిని లోపలి గదిలోకి పిలవడానికి ఆడవాళ్లు జంకేవారు. ఆపా అయితే చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లి నీళ్లు తానే ముంచుకుని తాగి, తర్వాత కంప్యూటర్ ఎక్కడుందని అడిగేది.

సీపీయూ మూత విప్పే ముందు కిటికీ ఇనుప చువ్వను ఒకసారి గట్టిగా పట్టుకునేది, ఒంట్లో ఉన్న కరెంటు దిగిపోవాలని. తెల్లకాగితం మీద సీపీయూ బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూను ఆ బొమ్మలో దాని చోటులోనే పెట్టేది. ఏం చెడిపోయిందని ఎవరినీ అడిగేది కాదు. "ఏమేం పనిచేస్తున్నయో ముందు అది చెప్పు" అనేది. మనం చెబుతుంటే అట్టలేని పాత నోట్‌బుక్‌లో రాసుకునేది. కోపం మాత్రం ముక్కు మీదే. ఒకసారి క్లాసులో నేను ఒక కంప్యూటర్‌ను నాలుగుసార్లు ఆపి, వేసి, "ఇప్పుడు నడుస్తున్నది ఆపా" అని సంబరంగా చెప్పాను. "ఎందుకు ఆగిందో నీకు తెల్వదు. తెల్వకుండ నడుస్తున్నదంటె అది ఇంకా ఖరాబే" అన్నది, అందరి ముందూ. ఆ రోజు ఇంటికి పోయి ఏడ్చాను.

పెళ్లయి కోరుట్ల వచ్చాను. మా ఆయన పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు. ఇంట్లో ముందుగదిలో ఉన్న కంప్యూటర్ మీద వాటిని కత్తిరించి, పాటలు కలిపి సీడీలు చేసే పని, మా భాషలో మిక్సింగ్, నాది. ఆ కంప్యూటర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. లోపల రెండు హార్డ్ డిస్కులు జంటగా కట్టి ఉండేవి. ప్రతి వీడియో సగం ఒకదానిలో, సగం ఇంకోదానిలో పడేది. వేగం కోసం అట్లా చేస్తారు. ఒకటి పోతే రెండోది కూడా పనికిరాదు. విడిగా తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా ఏమీ కనిపించదు. అదంతా నాకు అప్పట్లో సరిగ్గా తెలియదు.

తెలంగాణ కోసం అందరూ పని మానేసిన రోజులు అవి. బస్సులు డిపోలు దాటలేదు. బడులకు తాళాలు. బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు రెండు గంటలు ఉంటే రెండు గంటలు పోయేది. అంతకు ముందు శ్రావణంలో మా ఆయన సిరిసిల్లలో ఒక పెళ్లి తీశాడు. పెళ్లికూతురి తండ్రి మరమగ్గాల మీద పనిచేసే మనిషి. మా ఆయన చిన్నప్పుడు వాళ్ల పక్కింట్లోనే పెరిగాడు, ఆ అభిమానంతోనే ఇంత దూరం నుంచి పిలిచారు. అమ్మాయిని గంభీరావుపేటకు ఇచ్చారు. పెళ్లయిన ఇరవై రోజులకు ఆ తండ్రి మగ్గం దగ్గరే కూలిపోయాడు. గుండె ఆగింది. అమ్మాయి వచ్చేసరికి అంతా అయిపోయింది.

పెళ్లి మొత్తం నాలుగు టేపుల్లో ఉంది. నాలుగింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను, మిక్సింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా మా ఆయన ఊళ్లో జరిగే ధర్నాలు, ర్యాలీలు రోజూ తీస్తున్నాడు. దుకాణాలు మూసి ఉండటంతో కొత్త టేపులు దొరకలేదు. "కంప్యూటర్ల ఉన్నయి గద" అని ఆ నాలుగు టేపుల మీదే ధర్నాలు తీశాడు. నేనూ కాదనలేదు. తండ్రి పోయిన సంగతి మాకు తెలిసింది ఆ తర్వాత.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం తెర మీద ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి, చిటికెడు పొడి చల్లినట్టు అక్కడక్కడా. చూస్తుండగానే చుక్కలు నిలువు గీతలయ్యాయి. తర్వాత తెర నల్లబడింది. గంటసేపు ఆపి వేస్తే మళ్లీ వచ్చింది, పది నిమిషాలకు మళ్లీ పోయింది. ఊళ్లో రిపేరు చేసే ఒకతను వచ్చి చూసి, విండోస్ చెడిపోయింది, ఫార్మాట్ కొట్టాలన్నాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచిపెట్టడం. "పెళ్లి ఉంది అందులో" అన్నాను. "ఎట్లాగూ పోయినట్టే" అన్నాడు. మా ఆయన మంచం అంచున కూర్చుని తల పట్టుకున్నాడు. రేపు సామానుతో వస్తానని అతను వెళ్లాడు.

నేను జగిత్యాలకు ఫోన్ చేశాను.

"ఏమేం పనిచేస్తున్నయి?" అన్నది ఆపా, పలకరింపు కూడా లేకుండా.

చెప్పాను. ఫ్యాన్ తిరుగుతోంది. స్టార్ట్ అయిన చప్పుడు స్పీకర్లలోంచి వస్తోంది.

"బటన్ ఒత్తంగనే, విండోస్ రాకముందు, తెల్ల అక్షరాలు వస్తయి గద. వాటి మీద గీతలున్నయా?"

"ఉన్నయి ఆపా. అక్షరాలు కూడా చెదిరినయి."

"అయితె విండోస్ పాపం ఏం లేదు. అది ఇంకా లేవకముందే గీతలు వస్తున్నయంటె బొమ్మ గీసే కార్డుకే రోగమచ్చింది. ఫార్మాట్ అన్నోన్ని ఆ గదిలకు రానియ్యకు." తర్వాత, "లోపల ఏమున్నది?" అని అడిగింది.

పెళ్లి గురించి, టేపుల గురించి చెప్పాను. దాచకుండానే చెప్పాను.

"ఆ పిల్లకు చెప్పినవా?"

"లేదు ఆపా. బాగైనంక చెప్దామని."

"బాగు కాకపోతె? ముందు ఆమెకు చెప్పు. నువ్వు చెప్పినంకనే నేను స్క్రూ ఇప్పుత."

ఆ సాయంత్రం రిపేరతన్ని రావద్దని చెప్పించి, గంభీరావుపేటకు ఫోన్ చేశాను. నా జీవితంలో అంత కష్టమైన ఫోన్ అంతకు ముందు చేయలేదు. "టేపుల మీద వేరేది ఎక్కింది చెల్లె. కంప్యూటర్ల ఉన్నదే ఉన్నది. అది కూడ ఇప్పుడు..." అన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "నాయిన మాట్లాడింది ఉన్నదా అక్క అందుల?" అని అడిగింది. ఉన్నదన్నాను. "రేపు నేనస్త" అని పెట్టేసింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆపా పాలవ్యానులో దిగింది. బురఖా మీద దుమ్ము, భుజాన గుడ్డసంచి, చేతిలో పాత ల్యాప్‌టాప్. కాసేపటికే అమ్మాయి, ఆమె భర్త వేములవాడ మీదుగా బండి మీద వచ్చారు. అమ్మాయి చేతులకు పెళ్లి గాజులు ఇంకా అట్లాగే ఉన్నాయి. నేను ఆమె ముఖం చూడలేక వంటింట్లోకి పోబోయాను. "నిలబడు ఇక్కడనే. నీ కంప్యూటర్ ఇది" అన్నది ఆపా.

కరెంటు పదిగంటలకు వచ్చింది. పన్నెండుకు పోతుంది. మా దగ్గరున్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

ఆపా తొందరపడలేదు. ముందు పక్కింటి మానిటర్ తెప్పించి తగిలించింది. దానిలోనూ గీతలే. మానిటర్ మంచిదేనని నోట్‌బుక్‌లో రాసింది. తన సంచిలోంచి వేరే కేబుల్ తీసి మార్చింది. గీతలు పోలేదు. కేబుల్ మంచిదే. మెమరీ కడ్డీలు ఒక్కోటి తీసి, కొసలు రబ్బరుతో తుడిచి, మార్చి మార్చి పెట్టింది. అవీ మంచివే. చివరికి గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నది. దాని మీదున్న చిన్న ఫ్యాన్‌ను పెన్సిల్ మొనతో తోస్తే తిరగలేదు. దుమ్ము గట్టిపడి బిగుసుకుపోయింది. పక్కన నిలబడ్డ చిన్న చిన్న డబ్బాల్లాంటివాటిలో రెండింటి తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

"గిదుగో," అన్నది అమ్మాయిని దగ్గరికి పిలిచి. "బొమ్మ గీసే కార్డు గిదే. గాలి తాకక ఉడికి ఉడికి గిట్లయింది. మీ నాయినది ఇంకోకాడ, ఆ కింది డిస్కులల్ల ఉన్నది. గీ కార్డు మీద లేదు. అర్థమైందా?"

అమ్మాయి తల ఊపింది.

ఆపా తెచ్చిన వేరే కార్డు మా కంప్యూటర్ గాడిలో పట్టలేదు. కొత్తది కావాలంటే బస్సులు నడవాలి, దుకాణాలు తెరవాలి. మా ఆయన, "బస్సులు నడిచినంక తెచ్చుకుందాం ఆపా. డిస్కులు మంచిగనే ఉన్నయి గద" అన్నాడు. ఆపా కార్డు లేకుండానే కంప్యూటర్ వేసి, వేలు పెదవుల మీద పెట్టుకుని డిస్కుల దగ్గరికి చెవి వంచింది. మమ్మల్నీ వినమన్నది. ఒకదానిలోంచి ఆగి ఆగి టిక్, టిక్ అని చప్పుడు వస్తోంది, గోరుతో పలక మీద తట్టినట్టు.

"వచ్చిపోయే కరెంటు దెబ్బలు ఒక్క కార్డుకే తాకలేదు తమ్మీ. ఇది కూడ పోయే బాటల ఉన్నది. రేపటిదాంక ఉంటదో లేదో నేను చెప్పలేను."

గడియారం పదకొండు దాటి పది నిమిషాలు.

ఆమె చేయదలచుకున్నది చెప్పింది. బిగుసుకుపోయిన ఫ్యాన్ తీసేసి, టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా కార్డు మీదికి పెడతాం. చల్లగా ఉన్నంతసేపు, ఎనిమిదో పదో నిమిషాలు, తెర కనిపిస్తుంది. ఆలోపు ఒక టేపు వీడియోను బయటి డిస్కులోకి కాపీకి పెడతాం. అది ఇరవై నిమిషాలైనా పడుతుంది. తెర మధ్యలోనే పోతుంది. పోయినా లోపల పని నడవచ్చు, లేదా కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోవచ్చు. రెండోది జరిగితే డిస్కు మళ్లీ లేస్తుందో లేవదో తెలియదు.

"నాలుగిట్ల ఒక్కటే. ఏది ముందు కావాలె?" అని అమ్మాయిని అడిగింది.

అమ్మాయి భర్త, "తాళి కట్టినప్పటిది" అనబోయాడు. అమ్మాయి అతన్ని చూడకుండానే, "అప్పగింతలది" అన్నది.

పదకొండూ పాతికకు బటన్ నొక్కింది ఆపా. తెర వెలిగింది, అక్కడక్కడా ఒక్కో ఆకుపచ్చ చుక్క. మౌస్ నా చేతికి ఇచ్చింది. "నీకు తెలుసు ఏది యాడున్నదో. వణకకు." రెండుసార్లు తప్పు ఫోల్డర్ తెరిచాను. నాలుగో టేపు పట్టుకుని బయటి డిస్కులో వదిలాను. పచ్చని గడులు ఒక్కొక్కటే నిండసాగాయి. ఇరవై రెండు నిమిషాలు అని చూపించింది. చుక్కలు పెరిగాయి. గీతలు దిగాయి. సగం కూడా నిండకముందే తెర నల్లబడింది.

మా ఆయన చెయ్యి స్విచ్ వైపు వెళ్లింది. అలవాటు. ఎప్పుడు ఆగినా ఆపి వేయడమే కదా మేం చేసేది. ఆపా అతని మణికట్టు పట్టుకున్నది. ఆమె పరాయి మగవాళ్ల చెయ్యి తాకడం నేను అంతకు ముందు గానీ తర్వాత గానీ చూడలేదు.

"కండ్లు పోయినయి గని పానం పోలే. ఆగు."

కీబోర్డు మీద నమ్ లాక్ మీట నొక్కింది. పైన చిన్న పచ్చదీపం ఆరింది. మళ్లీ నొక్కింది, వెలిగింది. "చూసినవా? బిగుసుకుపోతె ఇది మారది. లోపలున్నోడు వింటున్నడు." తర్వాత సీపీయూ ముందున్న ఎర్రదీపం చూపింది. డిస్కు పనిచేస్తున్నంతసేపు అది మిణుకుమంటుంది. మేం అయిదుగురం నేల మీద కూర్చుని ఆ దీపాన్ని చూస్తూ ఉండిపోయాం. బయట వీధిలో ఊరేగింపు పోతోంది, డప్పులు, నినాదాలు. టేబుల్ ఫ్యాన్ హోరు. మధ్యలో టిక్. టిక్. ఒకసారి దీపం మిణుకు ఆగి, కదలకుండా వెలిగి ఉండిపోయింది. డిస్కు ఒకేచోట తడుముకుంటోందని ఆపా నోరు తెరవకుండానే నాకు అర్థమైంది. అమ్మాయి నా చెయ్యి పట్టుకున్నది. గాజులు నా మణికట్టుకు గుచ్చుకున్నాయి. ఎంతసేపో తెలియదు. మళ్లీ మిణుకుమన్నది.

పన్నెండుకు ఎనిమిది నిమిషాల ముందు దీపం ఆరింది. ఆపా ఇంకో రెండు నిమిషాలు చూసింది. అప్పుడు బటన్‌ను ఒక్కసారి, మెల్లగా నొక్కి వదిలింది. కనిపించని తెర వెనుక కంప్యూటర్ తన సామాను తాను సర్దుకుంటున్నట్టు కాస్త గరగరమని, తనంతట తాను ఆగింది. కాసేపటికి టేబుల్ ఫ్యాన్ కూడా ఆగింది. కరెంటు పోయింది.

కాపీ పూర్తయిందో, మధ్యలో తప్పిందో ఇంకా తెలియదు. ఆపా ల్యాప్‌టాప్ తెరిచి బయటి డిస్కు తగిలించింది. బ్యాటరీ పావుగంట మించి ఉండదన్నది. ఫైలు కనిపించింది. తెరిస్తే మొదట కొన్ని గడులు చెదిరి, తర్వాత బొమ్మ కుదురుకున్నది. సిరిసిల్ల ఇంటి ముందు పందిరి. తెల్లచొక్కా మనిషి కూతురి చెయ్యి తీసి అత్తగారి చేతిలో పెడుతున్నాడు. పెద్ద మాటలేం లేవు. "పొద్దుగాల చాయ తాగకపోతె మా బిడ్డకు తలకాయ నొస్తది. జర సూస్కోండ్రి" అన్నాడు, అంతే. అత్తగారు నవ్వింది.

అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ ముక్క మూడుసార్లు చూసింది. ఆపా లేచి కిటికీ దగ్గరికి పోయి మాకు వీపు పెట్టి నిలబడింది.

మిగతా మూడు టేపులు దక్కలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా కాపీ మధ్యలోనే ఆగిపోయేది, వారం తిరగకముందే ఆ డిస్కు పోయింది. మాట పడ్డట్టు ఆపా చాలా ఏళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకున్నది. తర్వాత ఒకసారి వాళ్లింట్లో ఆ నోట్‌బుక్ తిరగేస్తే ఆ రోజు పేజీ కనిపించింది. మానిటర్ మంచిది, కేబుల్ మంచిది, మెమరీ మంచిది, కార్డు పోయింది. కింద ఇంకో సిరాతో "మూడు పోయినయి" అని ఉంది. "ఒకటి దక్కింది గద ఆపా" అన్నాను. "ముందు కాపీ పెట్టి, తర్వాత కేబులు, మెమరీ చూడవల్సింది. గంట పోగొట్టిన" అన్నది. నన్ను క్లాసులో ఏడిపించినప్పటి గొంతే, ఈసారి తన మీద. నేను టేపుల గురించి ఎప్పుడైనా సాకు చెప్పబోతే నాకు ఆ పేజీ గుర్తొస్తుంది. సిరిసిల్ల అమ్మాయి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నన్ను అక్క అనే పిలుస్తుంది.

ఆ రోజు ఆపాను తిరిగి పంపిన సంగతి చెప్పలేదు. అమ్మాయీ భర్తా వెళ్లాక ముగ్గురం ఒకే బండి మీద జగిత్యాల బయలుదేరాం. ఊరు దాటగానే రోడ్డు ఆగిపోయింది. తారు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. ఆ రోజుల్లో అట్లా నడిరోడ్డు మీద వండుకుని తిని నిరసన చెప్పేవారు. వందల మంది బారులు తీరి కూర్చున్నారు. మూడు దాటితే గానీ బండ్లు వదలమన్నారు. మా ఆయన బతిమాలబోయాడు. "వద్దు తమ్మీ. నాకు ఆకలైతున్నది" అని ఆపా బండి దిగింది.

బీడీలు చుట్టే ఆడవాళ్ల వరుస చివర ఇద్దరు జరిగి చోటిచ్చారు. సంచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నది. ఎవరో విస్తరి వేశారు, ఇంకెవరో అన్నం, మీద పప్పు. పొగలు కక్కుతున్న ముద్దను ఊదుకుంటూ ఆమె తింటోంది. ఆమె వెనుక జగిత్యాల దాకా ఒక్క బండి లేని రోడ్డు ఎండలో మెరుస్తోంది. గాలికి విస్తరి అంచు లేస్తుంటే, పక్కనున్న ఆమె తన తిండి ఆపి, ఒక కంకరరాయి వెతికి ఆపా విస్తరి మూల మీద పెట్టింది.